పైన్ చెక్కకి స్టెయిన్ వేస్తే ముదురు గీతలు తెల్లగా, తెల్ల భాగం నల్లగా తిరగబడింది, లోపల అసలు ఏముంది?

చిత్రికపట్టు, విజయనగరం

అందరికీ నమస్కారమండి. మాది విజయనగరం, కోటకి దగ్గరే. ఉద్యోగం వేరే, సాయంత్రాలూ ఆదివారాలూ చెక్కపని చేసుకుంటాను, పదేళ్ల నుంచి చేస్తున్నాను కాబట్టి మరీ కొత్తవాణ్ణి కాదు, కానీ ఇన్నాళ్లూ టేకు, మామిడి, వేప, ఇవే నా చేతికి అలవాటు. మా పాప ఆరో తరగతికి వచ్చింది, ఇంకా మంచం మీద బోర్లా పడుకునే రాసుకుంటోంది, సరే చదువుకునే బల్ల ఒకటి చేద్దామని విశాఖలో మెషీన్లు వచ్చిన పెట్టెలు విప్పి అమ్మేచోట పైన్ పలకలు తెచ్చాను. తేలికగా, తిన్నగా ఉన్నాయి, చిత్రిక పడుతుంటే చుట్టలు చుట్టలుగా లేచి ఇల్లంతా టర్పెంటైన్ వాసన.

పలక మీద లేత పసుపు పట్టీ, దాని పక్కన ముదురు గోధుమరంగు గీత, మళ్లీ లేత పట్టీ, మళ్లీ గీత. చూడటానికి చాలా బాగుంది. ఆ గీతలు ఇంకా బాగా కనపడాలని వాల్‌నట్ రంగు స్టెయిన్ గుడ్డతో పట్టించాను. ఐదు నిమిషాల్లో మొత్తం తిరగబడింది. లేతగా ఉన్న పట్టీలన్నీ డికాక్షన్ రంగుకి పోయాయి, ముదురు గీతలు మాత్రం రంగు తాగకుండా లేతగా మిగిలిపోయాయి. పాత ఫోటో స్టూడియోలో నెగెటివ్ ఎత్తి చూసినట్టే ఉంది.

ఇంకోటి, సాండ్ పేపర్ కొట్టాక చెయ్యి పెట్టి చూస్తే గీతలు పైకి, పట్టీలు లోపలికి, సన్నటి అలల్లా తగులుతోంది. గోరు పెట్టి నొక్కితే లేత చోట దిగుతోంది, గీత మీద దిగట్లేదు. పాప ఒక్క కాగితమే పెట్టుకుని పెన్సిల్‌తో రాస్తే ప్రతి గీత దగ్గరా అక్షరం గతుక్కుమంటోంది.

ఒకే చెట్టు, ఒకే పలక, అందులో రెండు రకాల కర్ర ఎలా ఉంటుంది? ఆ ముదురు గీతలో వేరే పదార్థం ఏదైనా ఉందా, జిగురో ఇంకోటో? టేకుకి ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు. అమ్మినతనేమో "ఫారిన్ చెక్కకి మందు కొడతారు సార్, అందుకే అలాగవుతుంది" అన్నాడు. అదే నిజమైతే పాప రోజూ చేతులు ఆనించే బల్ల, నాకు అదొక టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.


ఉలిపని, బొబ్బిలి

బాబూ, నేను నలభై ఏళ్లుగా కర్రలోనే ఉన్నాను. మా వైపు వీణలు చేసేవాళ్లకి పనస దుంగలు ఎంచి ఇచ్చిన చేతులివి. పైన్ తక్కువ ముట్టుకున్నాను గానీ, నా లెక్క ప్రకారం ఆ గీత అంతా జిగురే. జిగురున్న చోట రంగు పట్టదు, నీళ్లు కూడా పట్టవు. థిన్నర్ తడిపిన గుడ్డతో గట్టిగా రెండుసార్లు తుడిచి మళ్లీ రంగు వేసి చూడు. పనసకి ఇలాంటి గోల లేదు, సూదితో గుచ్చినట్టు రంధ్రాలు కంటికే కనపడతాయి, రంగు అన్ని చోట్లా సమానంగా దిగుతుంది.


లారీబాడీ, సాలూరు

మందు సంగతి నేను చెప్తాను, మాకు ఈ పెట్టె చెక్క రోజూ కనపడుతుంది. పలక మీద కాల్చి వేసినట్టో రంగుతోనో ఒక ముద్ర ఉంటుంది, గోధుమకంకి బొమ్మ, పక్కన దేశం అక్షరాలు, ఆ కింద ఇంగ్లీషులో హెచ్‌టి అని గానీ ఎంబి అని గానీ ఉంటుంది. హెచ్‌టి అంటే ఏ మందూ లేదు, పురుగు చావడానికి చెక్క నడిమధ్య వరకూ 56 డిగ్రీల వేడి అరగంట తగిలేలా పెడతారు, అంతే. ఎంబి అంటే మిథైల్ బ్రోమైడ్ గ్యాసు పెట్టారని. ఎంబి ఉన్నదాన్ని పిల్లల సామానుకి వాడకండి, ముద్ర లేనిదాన్ని కూడా వద్దనే చెప్తాను. ముందు అది చూసుకోండి, మిగతాది తరవాత.

నాకూ ఒక అనుమానం ఉంది, పనిలో పనిగా అడుగుతున్నాను. అడ్డంగా వంగిన పలకలు ఎన్నో చూశాను గానీ, ఒక పైన్ పలక ఎండలో పెట్టిన నాలుగు రోజులకి నిలువునా విల్లులాగ వంగిపోయింది. ముడి కూడా లేదు దాంట్లో. ఎందుకలాగ?


బోటనీ మాస్టారు, శ్రీకాకుళం

నేను డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్తానండి. ఈ ప్రశ్న చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే మేము బోర్డు మీద ఏటేటా గీసే బొమ్మ మీకు పలక మీద చేత్తో తగిలింది.

పెద్దాయన మాట తీసిపారేయను. పైన్‌లో జిగురు కాలువలు నిజంగానే ఉంటాయి, అవి ఎక్కువగా ముదురు భాగం వైపే కనపడతాయి కూడా. కానీ గీత మొత్తం జిగురు కాదు. థిన్నర్‌తో తుడిచి చూడండి, గీత అలాగే ఉంటుంది.

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకి వసంతదారువు, శరద్దారువు అన్న మాటలు గుర్తుండే ఉంటాయి. పరీక్షలో రెండు మార్కులకి రాసేసి మరచిపోతాం గానీ మీ బల్ల మీద ఉన్నది అదే. పైన్, దేవదారు, స్ప్రూస్ లాంటి కోనిఫర్ చెట్ల కర్రలో నూటికి 90 పాళ్లకు పైగా ఒకటే రకం కణం, దారుకణం, ట్రాకీడ్ అంటారు. పొడవు 3, 4 మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే బియ్యపు నూక అంత, వెడల్పు మాత్రం తలవెంట్రుకలో సగం కూడా ఉండదు. రెండు కొనలూ మూసుకుపోయిన సన్నటి గొట్టం అనుకోండి. టేకులో, పనసలో, మామిడిలో నీళ్లు మొయ్యడానికి నాళాలు వేరు, బలానికి నారలు వేరు. పైన్‌కి ఆ సౌకర్యం లేదు, ఈ ఒక్క గొట్టమే నీళ్లూ మొయ్యాలి, చెట్టునీ నిలబెట్టాలి.

అందుకని చెట్టు రెండు పనుల్నీ కాలాన్ని బట్టి పంచుకుంటుంది. చలిదేశంలో మంచు కరిగి చిగురు వేసేటప్పుడు నీళ్లు విపరీతంగా కావాలి, అప్పుడు బెరడు కింద విభాజ్యకణావళిలో, అంటే కొత్త కణాలు పుట్టే పొరలో, పుట్టిన కణం బాగా ఉబ్బి, వెడల్పుగా, పలచటి గోడతో తయారవుతుంది. గొట్టం లోపలి వెడల్పు రెండింతలైతే అందులో పారే నీళ్లు పదహారింతలవుతాయి, కాబట్టి ఆ వెడల్పు చెట్టుకి ఎంత అవసరమో చూడండి. అదే మీ లేత పట్టీ, వసంతదారువు. చిగురు ఎదగడం ఆగాక పైనుంచి వచ్చే ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను తగ్గుతుంది, కణం అంతగా ఉబ్బదు, కానీ ఆకులు చక్కెర తయారు చేస్తూనే ఉంటాయి, ఆ చక్కెరంతా గోడ కట్టడానికి పోతుంది. గోడ మందం, లోపలి సందు సన్నం, బయటి నుంచి నొక్కేసినట్టు అణిగిన కణాలు. అది మీ ముదురు గీత, శరద్దారువు. ఈ చివర్లో పుట్టిన కణాలకి గోడ కట్టుకోవడానికే నెల దాటిపోతుంది, పని పూర్తయ్యాక కణం చనిపోతుంది, నీళ్లు పారేది దాని తరవాతే.

ఇప్పుడు రంగు. గోడ పదార్థం రెండు చోట్లా ఒకటే, ఏ చెట్టుదైనా ఘన సెంటీమీటరుకి సుమారు 1.5 గ్రాములు, అంటే ఉత్త గోడనే ముద్దగా చేసి నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. పైన్ పలక తేలేది లోపలి గాలి వల్ల. లేత పట్టీలో గాలి ఎక్కువ, గీతలో గాలి తక్కువ, అంతకు మించి పెద్ద రహస్యం లేదు. మీకు తెలిసిన ఉదాహరణే చెప్తాను. పైడితల్లమ్మ సిరిమాను జాతరలో జీళ్లు చేసేవాళ్లని చూశారు కదా, బెల్లం పాకం మొదట ముదురు గోధుమరంగులో నిగనిగలాడుతూ ఉంటుంది, దాన్ని మేకుకి తగిలించి లాగి మడిచి, లాగి మడిచి, కాసేపటికి లేత బంగారు రంగుకి తెస్తారు. అందులో కొత్తగా ఏమీ కలపలేదు, గాలి చేరింది, వెలుతురు ఆ బుడగల మధ్య చెదిరిపోతుంది కాబట్టి తెల్లబడింది. పైన్ లేత పట్టీ లాగిన పాకం, ముదురు గీత లాగని పాకం.

స్టెయిన్ తిరగబడటం కూడా ఇందులోంచే వస్తుంది. మీరు వేసినది సన్నటి రంగుపొడి కలిపిన స్టెయిన్ అయి ఉంటుంది. చిత్రిక పట్టినప్పుడు లేత భాగంలో కణాలు తెగి నోళ్లు తెరుచుకుంటాయి, వెడల్పాటి నోళ్లు కదా, రంగుపొడి అందులో కూరుకుపోతుంది, మీరు గుడ్డతో తుడిచినా బయటికి రాదు. గీత దగ్గర నోళ్లు సన్నం, గోడలు మందం, పొడి పైన నిలబడి గుడ్డకి వచ్చేస్తుంది. టేకులో ఇలా ఎందుకు కాదంటే, టేకు వలయం మొదట్లో పెద్ద నాళాల వరుస ఉంటుంది, అది మామూలుగానే ముదురుగా కనపడుతుంది, రంగు కూడా అక్కడే దిగుతుంది. ముదురు మరింత ముదురవుతుంది, తిరగబడే అవకాశమే లేదు.


చిత్రికపట్టు, విజయనగరం

మాస్టారూ, మీకు దండం పెట్టాలి. జీళ్ల పాకం మాట చదివి మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

ముద్ర చూశాను, అన్నిటి మీదా హెచ్‌టి అనే ఉంది, ఒక్క పలక మీద ముద్ర లేదు, దాన్ని పక్కన పడేశాను. థిన్నర్‌తో తుడిచాను, గుడ్డకి కొద్దిగా పసుపు అంటింది, జిగురు వాసన వచ్చింది, గీత మాత్రం ఇసుమంత కూడా మారలేదు.

తరవాత మా వీధిలో బంగారం పని చేసే ఆయన దగ్గర కంటికి పెట్టుకునే భూతద్దం అడిగి తెచ్చి, పలక అడ్డంగా కోసిన వైపు కొత్త బ్లేడుతో నున్నగా చెక్కి, కాస్త తడి చేసి చూశాను. లేత పట్టీ తేనెపట్టులా ఉంది, వరసలు వరసలుగా, ఎవరో తాడు కట్టి నాటినట్టు. గీత వైపు వెళ్లేకొద్దీ గళ్లు చిన్నవవుతూ చివరికి గళ్లు కనపడకుండా గోధుమరంగు గోడలా అయిపోయింది. ఒక విషయం మాత్రం ఆశ్చర్యం, గీతకి ఒక అంచు మసకగా మెల్లగా మొదలవుతుంది, రెండో అంచు బ్లేడుతో కోసినట్టు టక్కుమని ఆగిపోతుంది, వెంటనే పెద్ద పెద్ద గళ్లు. అన్ని గీతలకీ ఇలాగే, ఒకే వైపు. గీతల దగ్గర అక్కడక్కడ సూదిమొనంత చుక్కలు, ఒకదాంట్లోంచి జిగురు మెరుస్తోంది, అవేనా మీరన్న కాలువలు?

ఇంకో ప్రశ్న. గాలి సంగతి అర్థమైంది, మరి రసాయనంగా రెండూ నూటికి నూరుపాళ్లు ఒకటేనా?


సముద్రం ఒడ్డు, కళింగపట్నం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఊళ్లో సరుగుడు తోటలు ఉన్నాయి, ఆకులు సూదుల్లాగ, కాయలు పైన్ కాయల్లాగే ఉంటాయి, గాలికి అదే హోరు. మరి ఆ కర్రలో ఇలాంటి గీతలు ఎందుకు కనపడవు? మేము పొయ్యిలోకి, పందిళ్లకి కొట్టిన కర్ర ఎంత చూసినా ఎర్రగా ఒకేలా ఉంటుంది.


బోటనీ మాస్టారు, శ్రీకాకుళం

సరుగుడు కోనిఫర్ కాదండి, చాలామంది పొరపడేది అక్కడే. మీరు ఆకు అనుకునేది ఆకు కాదు, సన్నటి ఆకుపచ్చ రెమ్మ. దాన్ని కణుపు దగ్గర విరిచి చూడండి, చుట్టూ పళ్ల వరసలాగ చిన్న చిన్న పొలుసులు ఉంటాయి, అసలు ఆకులు అవే. అది పూలు పూసే చెట్టు, కర్రలో నాళాలు ఉంటాయి, మామిడికీ పనసకీ దగ్గర గానీ పైన్‌కి దగ్గర కాదు. పైగా మీ సముద్రం ఒడ్డున చెట్టుకి పూర్తిగా ఆగిపోయే చలికాలం లేదు, గీత గీసినట్టు ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సిన పని తక్కువ.

చిత్రికపట్టు గారూ, మీ పరిశీలన మా పిల్లలు ప్రాక్టికల్ రికార్డులో రాసేదాని కంటే బాగుంది. ఆ చుక్కలు జిగురు కాలువలే. మసక అంచు చెట్టు లోపలి వైపు, తెగినట్టున్న అంచు బెరడు వైపు. ఎండాకాలం చివరికి కణాలు మెల్లగా మందమవుతూ వచ్చి చలి పడగానే పని ఆగిపోతుంది, మళ్లీ వసంతంలో ఒక్కసారిగా వెడల్పాటి కణాలు. ఆ కోసినట్టున్న అంచు మీదే ఒక చలికాలం మొత్తం గడిచింది. ఏ పలక తీసుకున్నా చెట్టుకి బెరడు ఏ వైపు ఉండేదో మీరు ఇప్పుడు చెప్పగలరు.

రసాయనం గురించి. దాదాపు ఒకటే గానీ పూర్తిగా కాదు. కోనిఫర్ కర్రలో సెల్యులోజ్ నూటికి 40 నుంచి 45 పాళ్లు, లిగ్నిన్ 25 నుంచి 30 మధ్య, మిగతాది ఎక్కువగా హెమీసెల్యులోజ్. సెల్యులోజ్ ఇనుప చువ్వల్లాంటిది, లిగ్నిన్ చువ్వల మధ్య బిగుసుకున్న కాంక్రీటు లాంటిది. ఇప్పుడు మీకు వింతగా అనిపించే సంగతి చెప్తాను, లిగ్నిన్ పాలు గట్టిగా ఉన్న ముదురు గీతలో కాదు, మెత్తటి లేత పట్టీలోనే కొంచెం ఎక్కువ. ఎందుకంటే పక్కపక్క కణాల్ని అతికించే మధ్యపొరలో లిగ్నిన్ చాలా చిక్కగా ఉంటుంది. ఇటుకలు పలచగా ఉంటే గోడలో సున్నం పాలు పెరుగుతుంది కదా, అలాగే గోడలు పలచగా ఉన్న చోట అతుకు పొర వంతు పెరుగుతుంది. గీతలో కణం గోడ నడిమి పొర, ఎస్2 అంటాం, బాగా మందం, అందులో సెల్యులోజ్ ఎక్కువ. ఆ పొరలో సెల్యులోజ్ పోగులు కూడా గీత కణాల్లో కాస్త నిలువుగా సర్దుకుని ఉంటాయి, అందుకే లాగుడికి అంత బలం.

మీ పెద్దల ఇంట్లో పాత దినపత్రిక ఉంటే పసుపెక్కి ఉంటుంది చూడండి, కర్రని రుబ్బి చేసిన కాగితంలో లిగ్నిన్ అలాగే ఉండిపోవడం వల్ల వెలుతురుకి రంగు మారుతుంది. మా ల్యాబులో ఫ్లోరోగ్లూసినాల్ ద్రావణం, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి చూపిస్తాం, న్యూస్ పేపర్ మీద చుక్క పడగానే గులాబీ ఎరుపు పూస్తుంది, మంచి తెల్లకాగితం మీద ఏమీ రాదు. ఇది ఇంట్లో చెయ్యొద్దు, ఆ ఆమ్లం ఆవిరి మంచిది కాదు, పాపని తీసుకుని మా కాలేజీ వైపు వస్తే నేను దగ్గరుండి చూపిస్తాను. మీ బల్ల కూడా కిటికీ పక్కన పెడితే ఇదే కారణం చేత ఏడాదికి తేనెరంగుకి తిరుగుతుంది, కంగారు పడకండి.


ఉద్దానం నుంచి డెహ్రాడూన్

నమస్తే మాస్టారూ, నమస్తే అందరికీ. మాది కవిటి దగ్గర పల్లె, ఇప్పుడు ఇక్కడ కర్ర మీదే చదువుతున్నాను. నేను ఇటు రావడానికి కారణం 2018 అక్టోబర్ తిత్లీ తుపాను. ఒక్క రాత్రిలో మా కొబ్బరి, జీడి, పనస అన్నీ పడిపోయాయి. మా తాతయ్య వాళ్ల నాన్న నాటిన పనస ఒకటి ఉండేది, దాన్ని కోసి తీస్తుంటే తాతయ్య నన్ను అడిగారు, "చదువుకున్నావు కదమ్మా, దీనికి ఎన్నేళ్లుంటాయో లెక్కపెట్టి చెప్పు" అని. నేను మొద్దు ముందు కూర్చుని అరగంట చూశాను, పసుపు కర్ర, రంధ్రాలు, మసక మసక పట్టీలు తప్ప లెక్కపెట్టడానికి ఒక్క వలయం నిలవలేదు. ఇక్కడికి వచ్చి మొదటిసారి దేవదారు మొద్దు చూసినప్పుడు ఆ వలయాలు అంత స్పష్టంగా ఉంటే నాకు తాతయ్యే గుర్తొచ్చారు.

సాలూరు అన్నయ్యా, మీ విల్లు పలక సంగతి. కోనిఫర్ చెట్టు వాలితే అది నిటారుగా లేవడానికి వాలిన వైపు, అంటే కింది వైపు, వేరే రకం కర్ర పెడుతుంది, కంప్రెషన్ వుడ్ అంటారు. అందులో కణాలు గళ్లలాగ కాకుండా గుండ్రంగా ఉంటాయి, మధ్యలో సందులు ఉంటాయి, లిగ్నిన్ మామూలు కంటే బాగా ఎక్కువ. మాస్టారు చెప్పిన సెల్యులోజ్ పోగులు అందులో నిలువుగా కాకుండా బాగా ఏటవాలుగా చుట్టుకుని ఉంటాయి, అందుకని ఎండినప్పుడు నిలువునా ముడుచుకుంటుంది. మంచి కర్ర నిలువునా ముడుచుకునేది వెయ్యికి ఒకటి రెండు వంతులు, ఇది దానికి పదింతలు కూడా పోతుంది. పలకకి ఒక పక్కే ఈ కర్ర ఉంటే ఆ పక్క కుంచించుకుపోయి విల్లవుతుంది. గుర్తు పట్టాలంటే కోసిన వైపు చూడండి, వలయాలు ఒక వైపు వెడల్పుగా, ముదురు భాగం వలయంలో సగం దాకా పరుచుకుని, కాస్త ఎర్రగా, మెరుపు లేకుండా ఉంటుంది. బల్ల కాళ్లకి అలాంటిది మాత్రం వాడకండి.

మాస్టారు చెప్పిన లిగ్నిన్‌కి నేనొక మాట కలుపుతాను. కోనిఫర్ల లిగ్నిన్, మన టేకు, పనస, సరుగుడు లిగ్నిన్ ఒకటి కావు. కోనిఫర్లు దాదాపు అంతా కోనిఫెరైల్ ఆల్కహాల్ అనే ఒకే దినుసుతో కడతాయి, మన చెట్లు దానికి సినాపైల్ ఆల్కహాల్ కూడా కలుపుతాయి. కోనిఫర్ లిగ్నిన్ గొలుసులు ఎక్కువ చోట్ల పీటముడి పడి ఉంటాయి, అందుకే పేపరు మిల్లులో దాన్ని కరిగించడం కష్టం, మన సరుగుడు, నీలగిరి తేలిక. కానీ పైన్ పోగు పొడవు కాబట్టి సిమెంటు సంచి కాగితానికి దాన్ని మించింది లేదు.

ఇక నాకు ఇష్టమైన భాగం. ముదురు గీత గోడల మందం ఆ ఏడాది వేసవి ఎంత వెచ్చగా ఉందో దాచిపెట్టుకుంటుంది. చలిదేశాల్లో వేసవి బాగుంటే కణానికి గోడ పూర్తిగా కట్టుకునే వ్యవధి దొరుకుతుంది, చల్లగా ఉంటే గోడలు పలచగా, లిగ్నిన్ సరిగ్గా ఎక్కకుండానే పని ఆగిపోతుంది. మేము సన్నటి పొర కోసి శాఫ్రనిన్, ఆస్ట్రా బ్లూ అని రెండు రంగులు వేస్తాం. లిగ్నిన్ ఎక్కిన గోడ ఎర్రగా, ఎక్కనిది నీలంగా తేలుతుంది. ఒక స్లైడులో ఎర్రటి వరసల చివర, సరిగ్గా చలికాలం అంచుకి ముందు, నాలుగైదు వరసలు నీలంగా కనపడితే ఆ చెట్టు ఆ ఏడాది పని పూర్తి చెయ్యలేకపోయిందని అర్థం. 1600లో పెరూలో వాయ్నాపుటీనా అగ్నిపర్వతం పేలింది, ఆ దుమ్ము, గంధకం ఆకాశాన్ని కప్పేసి 1601 వేసవి చల్లబడింది, ఉత్తర దేశాల కోనిఫర్లలో ఆ ఒక్క ఏడాది గీత అసాధారణంగా పలచగా ఉంటుంది. ఏ పుస్తకంలోనూ ఆ వేసవి వాతావరణం రాసిపెట్టని ఊళ్లలో కూడా చెట్టు రాసుకుంది.

వసంతదారువు ఎక్కడ అయిపోయింది, ముదురు భాగం ఎక్కడ మొదలైంది అని తేల్చడానికి మోర్క్ అనే ఆయన 1928లో పెట్టిన లెక్కనే ఇప్పటికీ వాడుతున్నాం. పక్కపక్క కణాల మధ్య ఉన్న జంట గోడ మందాన్ని రెట్టింపు చేస్తే అది కణం లోపలి ఖాళీకి సమానమో ఎక్కువో అయితే అది శరద్దారువు. కంటికి టక్కున తెలిసిపోయేదానికి లెక్క ఎందుకా అనిపిస్తుంది గానీ, మెల్లగా మారే చోట ఇద్దరం కూర్చుంటే ఇద్దరం రెండు చోట్ల గీత పెడతాం.


ఉలిపని, బొబ్బిలి

అమ్మా, మాస్టారూ, చాలా సంతోషం. జిగురని నలభై ఏళ్లు అనుకున్నాను, ఇవాళ తెలిసింది. మేము పనసలో చేవ ఉందా లేదా అని తట్టి, వాసన చూసి చెప్పేవాళ్లం, కణం దాకా ఎవరు చెప్పారు మాకు.

బాబూ, కారణం తెలిసింది కాబట్టి మందు నేను చెప్తాను. నీ బల్ల అలలు తేలింది చేత్తో కాగితం పట్టుకుని రుద్దడం వల్ల. వేలు మెత్తన, లేత భాగం మెత్తన, కాగితం అక్కడే కొరికేస్తుంది. సాపు చేసిన చెక్క దిమ్మకి కాగితం చుట్టి రుద్దు, దిమ్మ గీతల మీద ఆనుకుంటుంది, లోపలికి దిగదు. కాగితం కొత్తది వాడు, అరిగింది వద్దు. చిత్రిక బ్లేడు కూడా మొండిగా ఉంటే గీతని కొయ్యకుండా కిందున్న మెత్తదాంట్లోకి నొక్కేస్తుంది, నాలుగు రోజులకి తేమ తగలగానే అది మళ్లీ పైకి లేస్తుంది. పదును పెట్టు.

రంగుకి ముందు స్పిరిట్‌లో బాగా పలచగా కలిపిన లక్క పాలిష్ ఒక చెయ్యి వేసి ఆరనివ్వు. ఆ అమ్మాయి, మాస్టారు చెప్పిన నోళ్లు సగం మూసుకుంటాయి. తరవాత సన్న కాగితంతో ఒక్కసారి పైపైన తుడిచి, అప్పుడు స్టెయిన్ వెయ్యి. ముందు ముక్క మీద వేసి చూసుకో, లక్క ఎక్కువైతే అసలు రంగే పట్టదు.


లారీబాడీ, సాలూరు

చెల్లమ్మా, మూలన పడేసిన ఆ పలక తీసి చూశాను, నువ్వు చెప్పినట్టే ఒక అంచు మొత్తం ఎర్రగా ఉంది, వలయాలు అటు వెడల్పు. ఇన్నాళ్లూ ఎండలో పెట్టినందుకు మా కుర్రాణ్ణి తిట్టాను.

ఒకటి అడగాలి. లేత భాగం నోళ్లు పెద్దవి కదా, మరి చెదలకి మందు ఎక్కించినా లేత భాగంలోనే ఎక్కువ దిగాలి కదా? మాకు మందు ఎక్కించి వచ్చిన పైన్ కోస్తే కొన్నిట్లో ముదురు గీతల వెంబడే ఆకుపచ్చ రంగు లోపలిదాకా పోయి ఉంటుంది.


బోటనీ మాస్టారు, శ్రీకాకుళం

చాలా మంచి ప్రశ్న. పైన పూసే రంగు తెగిన నోళ్లలోకి పోతుంది, అక్కడితో ఆగుతుంది. లోపలికి పోవాలంటే ఒక కణం నుంచి పక్క కణంలోకి దాటాలి, దానికి గోడలో గర్తాలని చిన్న కిటికీలు ఉంటాయి. పైన్‌లో ఆ కిటికీ మధ్యలో ఒక బిళ్ల, దాన్ని చుట్టూ సాలెగూడులాంటి పోగులు పట్టుకుని ఉంటాయి. చెట్టు బతికి ఉన్నప్పుడు ఒక గొట్టంలోకి గాలి చొరబడితే ఆ బిళ్ల పక్కకి లాక్కుపోయి కిటికీని మూసేస్తుంది, పక్క గొట్టం బతుకుతుంది. కర్ర ఆరేటప్పుడు కూడా ఇదే జరుగుతుంది, లేత భాగంలో బిళ్లలన్నీ అతుక్కుపోతాయి. ముదురు భాగంలో కిటికీలు చిన్నవి, పోగులు మందం, బిళ్ల అంత తేలిగ్గా లాక్కుపోదు, చాలా వరకూ తెరిచే ఉంటాయి. అందుకని ఎండిన పైన్‌కి ప్రెజర్ పెట్టి మందు ఎక్కిస్తే ముదురు గీతే దారి ఇస్తుంది.


చిత్రికపట్టు, విజయనగరం

రెండు వారాల తరవాత వస్తున్నాను. పైన పలక మొత్తం మళ్లీ చిత్రిక పట్టి, దిమ్మకి కాగితం చుట్టి సాపు చేసి, లక్క ఒక చెయ్యి వేసి, వాల్‌నట్ మానేసి తేనెరంగు వేశాను. గీతలు ఇప్పుడు ముదురుగానే ఉన్నాయి, పట్టీలు కాస్త రంగెక్కాయి గానీ తిరగబడలేదు. పెన్సిల్ గతుక్కుమనడం కూడా పోయింది, అయినా పాప రాసేచోట ఒక అట్ట వేశాను. ఉలిపని గారూ, మీరు బొబ్బిలిలో ఉంటే ఒకసారి వచ్చి కలుస్తాను.

పాపకి మాత్రం రాయడం కంటే లెక్కపెట్టడమే పనైపోయింది. ఒక కాలు కింద కోసిన వైపు భూతద్దం పెట్టుకుని 23 వలయాలు లెక్కపెట్టింది, లోపలి నుంచి ఎనిమిదో వలయం మిగతావాటిలో సగం కూడా లేదట, "ఆ ఏడాది ఏమైంది నాన్నా" అని రోజూ అడుగుతోంది. పెట్టె మీద న్యూజిలాండ్ ముద్ర ఉంది. ఉద్దానం చెల్లమ్మా, అది ఏ సంవత్సరమో చెప్పే వీలుందా?


ఉద్దానం నుంచి డెహ్రాడూన్

పాపకి నా తరఫున శభాష్ చెప్పండి అన్నయ్యా. ఒక్క ముక్కతో సంవత్సరం చెప్పలేం, చివరి వలయం ఏ ఏడాదిదో తెలియాలి, లేకపోతే అదే చోట పెరిగిన వేరే చెట్ల వరసతో పోల్చాలి. ఇంకోటి, న్యూజిలాండ్‌లో వసంతం సెప్టెంబర్లో మొదలవుతుంది, కాబట్టి అక్కడి ఒక్కో వలయం మన క్యాలెండర్లో రెండు సంవత్సరాల మీద ఉంటుంది, అది పాపకి చెప్పండి. ఎనిమిదో వలయం సన్నబడటానికి కరువు కావచ్చు, పక్క చెట్లు నీడ కమ్మి ఉండొచ్చు, కింది కొమ్మలు నరికి ఉండొచ్చు. ఆ వలయంలో ముదురు భాగం మామూలుగా ఉండి లేత భాగం ఒక్కటే తగ్గిందా, రెండూ తగ్గాయా అని భూతద్దంతో చూడమనండి, లేత భాగం ఒక్కటే తగ్గితే వసంతంలోనే ఏదో ఇబ్బంది వచ్చిందని అనుకోవచ్చు. మిగిలిన ముక్కల్లో ఎక్కడైనా అంచున బెరడు అంటుకుని ఉందేమో వెతికి, పక్కన స్కేలు పెట్టి ఫోటో పెట్టండి.